సామాన్ల గదిలో హార్మోనియం

అనగనగా అని నేనంటాను, ఊఁ అని మీరనాలి. మీరు ఊఁ అననంత సేపూ ఈ కథలో ఎవరూ అడుగు ముందుకు వేయరు.

అనగనగా ఒక వీధిలో, రైలుపెట్టెలా పొడుగ్గా ఉన్న ఇంట్లో, హార్మోనియంలు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. వీధివైపు గది ఆయన దుకాణం. ఉదయాన్నే స్వరాలు పలికే ఇత్తడి రీడ్లను గుడ్డ మీద వరుసగా పరిచి, ఒక్కొక్కదాన్నీ సన్నని ఆకురాయితో గీకి మోగించేవాడు. పక్కనే ముక్కాలిపీట మీద ఆయన భార్య కూర్చునేది. శ్రుతి కుదిరితే "ఊఁ" అనేది, కుదరకపోతే "ఊహూఁ" అనేది. చెయ్యి ఆయనది, చెవి ఆమెది.

ఆ ఇంట్లో లోపలికి వెళ్లేకొద్దీ వాద్యానికి వయసు పెరిగేది. దుకాణంలో హార్మోనియంలా పలికే పెట్టె పక్క గదిలో తీగలు మీటినట్టు మోగేది. ఆ తర్వాతి గదిలో అవే మెట్లు నొక్కితే వేణువు ఊదినట్టుండేది. వంటింట్లో తోలు మీద అరచెయ్యి పడిన చప్పుడు తప్ప మరేమీ రాదు. అన్నిటికంటే వెనుక సామాన్ల గదిలో, వాద్యాలింకా పుట్టని కాలం పలికేది. మాట తెలియని గొంతేదో, పెదవులు మూసుకుని తీసే కూనిరాగం. వీధి గుమ్మం మెట్టు మీద మాత్రం కరెంటు వాద్యాల హోరు వచ్చేది గనుక వీధిలో కుర్రాళ్లు ఆ మెట్టు వదిలేవారు కాదు. ఇంకా కిందికి దిగితే రాబోయే కాలపు సంగీతం వినిపిస్తుంది. ఒకసారి దిగి విన్నారు. ఎవరికీ నచ్చలేదు.

"ఇవాళ వంటింట్లో వాయిస్తున్నారా? మా గోడ అదురుతోంది" అని పక్కింటావిడ అడిగేది. అంతే.

ఒక చలికాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. నడక తిరిగి వచ్చింది, మాట రాలేదు. "ఎండాకాలం లోపు ఏదో ఒక శబ్దం రావాలి. రాకపోతే ఇక ఆశ పెట్టుకోకండి" అన్నాడు డాక్టరు. భర్త రోజూ ఆమెను ముక్కాలిపీట మీదే కూర్చోబెట్టి, దుకాణంలోకెల్లా మంచి పెట్టె తీసి, ఆమెకు ఇష్టమైన పాటలన్నీ వాయించేవాడు. ఆమె ముఖం గోడవైపు తిప్పుకునేది. ఆమె ఊఁ లేకుండా ఆయన సరిచేసిన పెట్టెలు పోయినంత వేగంగా వెనక్కి వచ్చేవి. చివరికి కొత్త పని ఒప్పుకోవడం మానేశాడు.

చలి తగ్గుతుండగా దుకాణానికి రంగులు వేయించారు. వాళ్ల కోడలు అత్తగారినీ ఆ పెట్టెనూ సామాన్ల గదికి చేర్చింది. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ దుకాణంలోకి వచ్చింది.

"మామయ్యా, అత్తయ్య పలికారు."

"ఏమంది?"

"పెట్టె దించుతుంటే గాలితిత్తి నొక్కుకుంది. ఆ కూనిరాగానికి ఊఁ అన్నారు."

"మీ అత్తగారిని పాతసామాన్ల మధ్య కూర్చోబెట్టావా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"చూసేవాళ్లు కొత్త రంగు చూసుకుంటారు లెండి. మీరు ఇక్కణ్నుంచి పిలుస్తున్నారు, ఆవిడేమో అక్కడున్నారు. మనమే వెళ్లాలి."

ఆయన రంగుల డబ్బాకు మూత పెట్టి లేచాడు. "సరే, పద. నేనూ పాతసామానే."

అలా ఆ గదిలోనే చాప వేసుకున్నారు. ఆయన తిత్తి ఆడిస్తే ఆమె కూనిరాగం తీసేది. అది నిలదొక్కుకున్నాక పెట్టె వంటింట్లోకి వచ్చింది. ఆమె కంచం అంచు మీద దరువు వేసింది. వేణువు గదిలో ఊపిరి నిలపడం నేర్చుకుంది. వానలు మొదలయ్యేసరికి తీగల గదిలో మాటలు లేకుండా రాగమంతా పాడగలిగేది.

అక్కడ ఆయన ఆగిపోయాడు. "ఇక్కడ బాగానే ఉందిగా" అన్నాడు.

"ఆ ముక్కాలిపీట ఇక్కడ లేదు కదా, మామయ్యా" అంది కోడలు.

ఆయన పెట్టెను దుకాణంలోకి మోసుకెళ్లాడు. ఆమె తన పీట మీద కూర్చుంది. ఆయన స్వరాలు వరుసగా వాయించాడు.

"ఊహూఁ" అందామె.

ఆయన వేళ్లు ఆగిపోయాయి. మళ్లీ మొదటినుంచి వాయించాడు.

"దిగింది" అంది. ఆ మాట మెల్లగా, తడబడుతూ వచ్చినా మాటే.

"ఏది?"

"మీ మధ్యమం. చలికాలం నుంచీ. వినలేకే... గోడవైపు తిరిగాను."

ఆయన మరలు విప్పి, ఆ రీడు మొన గీకి, మోగించి, ఆమెవైపు చూశాడు. ఆమె తొందరపడలేదు. ఇంకొంచెం గీకమన్నట్టు వేలు ఆడించింది. ఆయన గీకాడు. మళ్లీ మోగించాడు.

"ఊఁ."

ఈ కథ నాకు మొదట చెప్పింది మా నానమ్మ. ఆ ఇంటి కోడలు ఆవిడే. చెబుతుండగా నేను ఊఁ అనడం మరిచిపోతే, కోప్పడకుండా, నేను అనేదాకా ఎదురుచూసేది.