నైరుతి మూల ఫ్యాను

నేను ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని. లోపలి వేడినీ కంపునూ బయటికి నెట్టడం నా పని. ఇంతే పని. ఇందులో అర్థం కానిదేముందో, ఈ మనుషులకు ఇన్నేళ్ళుగా ఎందుకు అర్థం కావడంలేదో ఆ పైవాడికే తెలియాలి.

పుట్టింది బెజవాడలో, ఒక రేకుల షెడ్డులో. నాకు రెక్కలు బిగించిన మేస్త్రీ ఒకసారి తిప్పి చూసి, ఇది మొండిది, చచ్చినా ఆగదన్నాడు. దీవెనో శాపమో ఇప్పటికీ తేలలేదు. మొదట తెనాలిలో ఒక టిఫిను హోటలు వంటింటికి కాపురానికెళ్ళాను. బజ్జీల ఘాటు, మాడిన నూనె, వంటమాస్టరు బీడీ, అన్నీ నా గొంతులోంచే పోయేవి. యజమాని గురవయ్య కరెంటు దండగని నన్ను ఆపేసేవాడు. ఆపేసి, దగ్గుతూ, ఇంత పొగేమిటని వంటమాస్టర్ని తిట్టేవాడు. ఆ తర్వాత వాళ్ళు పెద్ద పొగగొట్టం పెట్టించుకుని నన్ను పాతసామాన్ల కొట్టుకు పంపించారు. అక్కడ దారినపోయే ప్రతివాడూ నా రెక్కని వేలితో ఓ తిప్పు తిప్పి పోయేవాడే. కొన్నవాడు మాత్రం కోటిలింగం ఒక్కడే.

కోటిలింగం రైసుమిల్లులో గుమాస్తా. అతని భార్య సువర్చల మేడమీది గదిలో పుట్టగొడుగులు పెంచుతోంది. గది మధ్యలో మందపాటి నల్లగుడ్డతో గుడారం, అందులో ఉడకబెట్టిన గడ్డి కుక్కి విత్తనం చల్లిన సంచులు ఉట్లలా వేలాడుతుంటాయి. అప్పటికి రెండు కాపులు గాలాడక, ఉక్కకి బూజుపట్టి పోయాయి. మూడోదీ పోతే గుడారం పీకేసి గది అద్దెకిచ్చేస్తానని కోటిలింగం తేల్చి చెప్పాడు. చదువు మధ్యలో మాన్పించి పెళ్ళిచేస్తే వచ్చిన మనిషి సువర్చల. ఇది నాదీ అని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో ఆమెకున్నది ఆ గుడారమొక్కటే.

తెలివిగల పిల్ల. ఈశాన్యం మూల కింద గుడ్డకి కన్నం చేసి తడి గోనెపట్టా కట్టింది. ఎదురుగా నైరుతి మూల, పైన, నన్ను పెట్టి నా గొట్టాన్ని కిటికీలోంచి బయటికి వదిలింది. చల్లగాలి తడిపట్టాలోంచి లోపలికొచ్చి, సంచులన్నిటినీ పలకరించి, వేడెక్కి పైకి లేచి నాలోంచి పోయేది. నా జన్మకి ఇన్నాళ్ళకి సరైన చోటు దొరికిందనుకున్నాను.

ఎక్కడ! మధ్యాహ్నం భోజనానికొచ్చిన కోటిలింగం గుడారంలో తలపెట్టి, ఉక్కపోస్తోందని నా రెగ్యులేటరు అయిదుకి తిప్పేవాడు. సంచుల చెమ్మంతా ఆరిపోతోందని సువర్చల రెండుకి దించేది. ఒకరు పరిగెత్తమంటారు, ఒకరు నడవమంటారు. అయ్యా, మీరిద్దరూ ముందొక మాటమీదికి రండి, నాదేముంది, తిరిగేదాన్ని!

ఇది చాలదన్నట్టు చీరాల నుంచి కోటిలింగం అక్క సర్వలక్ష్మి దిగింది. మంచిదే, చెయ్యీ పెద్దదే, కాని ఏ ఇంటికెళ్ళినా ముందు దిక్కులు చూస్తుంది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నైరుతిలో కన్నమా? ఇంటి బలమంతా అట్టా బయటికి ఊదేస్తంటే కాపెట్టా నిలుస్తదే?"

అక్క మాట అతనికి వేదం. ఆ పూటే నన్ను ఊడదీసి ఈశాన్యంలో, సరిగ్గా ఆ తడిపట్టా నెత్తిమీద బిగించాడు. సువర్చల ఏదో చెప్పబోయింది. నీ పద్ధతిలో రెండు కాపులు పోయాయిగా అన్నాడు.

ఇక చూడండి నా తిప్పలు. కింద వచ్చిన గాలిని వచ్చినట్టే పైన నేను లాగేస్తున్నాను. వాకిట్లోకొచ్చిన చుట్టాన్ని మంచినీళ్ళన్నా ఇవ్వకుండా పంపేసినట్టు! నా పక్కనున్న సంచుల్లో మొలకలు ఎండి అంచులు పగిలాయి. నైరుతి మూలవేమో చిన్న తల, పొడుగు కాడ వేసుకుని గాలికోసం మెడలు సాచాయి. ఇంకా ఉక్కగా ఉందని కోటిలింగం నన్ను అయిదుమీదే ఉంచాడు. ఎంత తిరిగితే మాత్రం ఏం లాభం? ఏడవడానికి కూడా నాకు గుర్రుమనడం తప్ప రాదు.

శుక్రవారం సర్వలక్ష్మి కాపుకి దిష్టి తగిలిందని సాంబ్రాణి పట్టుకుని గుడారంలోకొచ్చింది. తడిపట్టా దగ్గర నిలబడితే పొగ తాడులా నిటారుగా లేచి నాలోకొచ్చేసింది. నైరుతికెళ్ళేసరికి అదే పొగ ఆమె మొహం ముందే నిలిచిపోయింది. సువర్చల అది చూసింది.

"వదినా, అక్కడే ఉండు. ఆ పొగ చూడు, కదలట్లా. ఈ మూలకి ఊపిరే లేదు."

"అయితే? శాస్త్రం తప్పంటావా?"

"శాస్త్రం ఇంటికి వదినా. ఇది గుడ్డ. రేపు విప్పితే మూట. మూటకి మూలలేంటి? ఇదీ పోతే నాకంటూ ఇంకేం లేదు."

మెడలు సాచిన ఆ మొలకలమీదికి సర్వలక్ష్మి వంగి చూసింది.

"నేను చూస్తా చూస్తా ఒప్పుకోలేనమ్మా. కిందికి పోయి కాఫీ పెట్టుకుంటా. తమ్ముడడిగితే నేను చూళ్ళేదని చెప్తా."

ఆమె మెట్లు దిగీ దిగకముందే సువర్చల స్టూలెక్కింది. నన్ను నైరుతిలో బిగించి, రెండుమీద పెట్టి, రెగ్యులేటరు బొత్తాం పీకి కొంగున ముడేసుకుంది. మధ్యాహ్నం, నన్నెవరు మార్చారని కోటిలింగం అడిగితే సర్వలక్ష్మి తను చూళ్ళేదంది. బొత్తాం ఊడిపడిందేమోనని అతను మంచం కిందా బల్ల కిందా వెతికాడు. అన్నం చల్లారిపోతోంది, దిగండి అంది సువర్చల.

ఎండినవి ఎండాయి. మిగతా సంచులు మాత్రం ఏనుగు చెవులంత రేకులు విప్పాయి. పుట్టగొడుగుల కూర మూడోసారి వడ్డించుకున్నాక కోటిలింగం ఇక అద్దె ఊసెత్తలేదు. సర్వలక్ష్మి చీరాలకి ఫోన్లు చేసి తన సాంబ్రాణి మహిమ ఊరంతా చాటింది. పోనీలెమ్మన్నాను.

నిన్న రెండో గుడారానికి గుడ్డ తెచ్చారు. అట్టపెట్టెలోంచి కొత్త ఫ్యాను తీశారు, పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. ఎక్కడ బిగిద్దామని కోటిలింగం అడిగాడో లేదో, ముగ్గురూ మూడు మూలలు చూపించారు. సువర్చల తను చూపించిన మూలకి స్టూలు జరుపుకుంది. ఆ కొత్త ఫ్యాను, పిచ్చితల్లి, మెరుస్తూనే ఉంది. దానికింకా వీళ్ళు తెలియదు.