బావ గడ్డం

సెలూన్ ఓనరు మంచివాడే, కానీ పిరికివాడు. "నీ కుర్చీ నీకిచ్చేస్తాను. ముందు మీ ఇంట్లోవాళ్ళెవరైనా వచ్చి నీ కత్తి కింద కూర్చోవాలి" అన్నాడు రేడియోతో.

తప్పుపట్టడానికి లేదు. వాగుడు ఆపడని సెలూన్లో అందరూ రేడియో అని పిలిచే ఈ మనిషి, కిందటేడు బావ మీదికి కత్తి ఎత్తాడు. బావ అన్నంలో విషం కలుపుతున్నాడని చెవిలో గొంతులు పోరుపెట్టాయి మరి. వాటి నోరు మూయించడానికి తాగేవాడు. తాగితే అవి ఇంకా రెచ్చిపోయేవి.

ఇప్పుడు మాత్రలు. గొంతులు పోయాయి. బ్రాందీ షాపు ముందు నుంచి నడిచినా కాళ్ళు అటు లాగడం లేదు. అదీ మాత్ర చలవే కావచ్చంది డాక్టరమ్మ. గొంతులతోపాటే రుచీ, నవ్వూ, కబుర్లూ కూడా పోయాయి. నోట్లో నీళ్ళు మాత్రం ఊరుతూనే ఉంటాయి, తెల్లారేసరికి తలగడ తడిసి ముద్దవుతుంది. "వాన నీ ఒక్కడి మంచం మీదే కురుస్తుందిరా" అంటుంది అక్క.

ఆ అక్కకు గడ్డం లేదాయె. ఇంట్లో గడ్డమున్నది ఒక్క బావకే. ఆ గొడవ తర్వాత ఆయన ఇంట్లోనే గీసుకుని, చెంపలన్నీ గాట్లు పెట్టుకుంటున్నాడు. సెలూన్‌కు రమ్మని రేడియో అడగలేదు. అక్క అడిగితే బావ భోజనం ముందు నుంచి లేచిపోయాడు.

ఆదివారం పొద్దున బావే మాసిన గడ్డంతో సెలూన్‌కు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "గీయరా" అన్నాడు.

ఓనరు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. రేడియో కొత్త బ్లేడు వేసి, నురగ పట్టించి, బావ తల వెనక్కి వంచాడు. బావ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. కంఠం పైకీ కిందికీ ఆడుతోంది.

"గుటక మింగకు బావా, తెగుతుంది."

ఓనరు చేతిలోంచి పేపరు జారిపోయింది.

రేడియో కత్తి పక్కకు తీశాడు. తన నోట్లో ఊరిన నీళ్ళు మింగాడు. "ఊఁ, ఇప్పుడు నువ్వు మింగు." బావ మింగాడు. అలా ఒకరి తర్వాత ఒకరు మింగుకుంటూ గడ్డం పూర్తిచేశారు. ఒక్క గాటు పడలేదు.

"తర్వాత ఎవరండీ? రేడియో కుర్చీలోకి రండి" అని ఓనరు కేకేశాడు.

బావ లేవలేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఇలాంటప్పుడు తనకూ ఏడుపు రావాలని రేడియోకు తెలుసు. వెతికి చూసుకున్నాడు. లోపల ఏమీ దొరకలేదు. మాత్ర మానేస్తే ఏడుపు తిరిగొస్తుందేమో. దాని వెనకే గొంతులూ వస్తాయి.

తువ్వాలుతో బావ కళ్ళు తుడిచాడు. మళ్ళీ కారాయి. తన వంతు కూడా బావే ఏడుస్తున్నాడని తోచి, ఆగేదాకా తుడుస్తూ నిలబడ్డాడు.