మూడో పలుగురాయి

మూడో విమానం లేచేసరికి ఐలేశం డబ్బాలోంచి మూడో పలుగురాయి తీసి రేడియో గది పిట్టగోడ మీద పెట్టాడు. విమానం పైకి పోతే రాయి గోడ మీదికి, దిగితే మళ్లీ డబ్బాలోకి. ఎనిమిదేళ్లుగా ఇదే పద్ధతి. ఎవరూ నేర్పింది కాదు. పొద్దుగూకితే మందను లెక్కపెట్టకుండా పడుకోని ఇల్లు వాళ్లది. కొలువు మారినా చేతి అలవాటు ఎక్కడికి పోతుంది?

మోత్కూరు రోడ్డుకు లోపల, గుట్టల నడుమ ఉన్న ఆ పైలట్ల బడికి ఐలేశం కాపలావాడు. యాభై ఎనిమిదేళ్ల సన్నటి మనిషి. ఇరవై ఏళ్లు గొంగడి మోసి ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. ఒక వానాకాలం నీలినాలుక రోగం తగిలి వారంలో తొంభై జీవాలు పోయాయి. ఆ తర్వాత గొర్రెలు కాసినవాడే, గొర్రెలు రన్‌వే మీదికి రాకుండా కాసే పనిలో చేరాడు. దేవుడి పరాచికాలు అట్లా ఉంటాయి మరి. పొద్దున్నే కుక్కలను తరమాలి, రన్‌వే ఊడవాలి, గేటు తాళం చూసుకోవాలి. ఇంగ్లీషు ముక్క రాదు గానీ, గది మీద కట్టిన స్పీకర్లో పైనుంచి వినిపించే గొంతులన్నీ గుర్తుపడతాడు.

మూడో రాయి దీప్తిది. ఒంటరిగా కొల్లాపూర్ దాకా పోయి రావడం ఆ పిల్లకు అదే మొదటిసారి. ఎక్కేముందు ఐలేశం ఆమెకు నీళ్లిచ్చాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, పోయి రా" అన్నాడు.

పదకొండు దాటాక రెండు విమానాలు దిగాయి. రెండు రాళ్లు డబ్బాలో వేసి, అవతలి కంచె దగ్గర ముళ్లకంప సర్దడానికి పోయాడు. తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి స్పీకర్ మూగగా ఉంది. గేటు బయట చెల్లెలు బీరమ్మ మందతో నిలబడి ఉంది. వైశాఖం ఎండకు ఊరంతా గడ్డి మాడిపోయింది. పచ్చగా మిగిలిందల్లా రన్‌వే అవతలి కాలువ పక్కనే. విమానాలన్నీ దిగాక, సార్లు అన్నానికి పోయాక, ఐలేశం గుట్టుగా గంటసేపు గేటు తీస్తాడు. అది తప్పని ఇద్దరికీ తెలుసు.

"జర తియ్యరాదె అన్నా, పిల్లలు నిలబడతలేవు" అంది బీరమ్మ.

స్పీకర్ మూగబోయిందంటే ఆనాటికి పని అయిపోయినట్టే. తను కంచె దగ్గరుండగా మూడోది కూడా దిగే ఉంటుందనుకున్నాడు ఐలేశం. వెనక్కి తిరిగితే పిట్టగోడ కనిపించేది. తిరగలేదు. తాళం తీశాడు.

మంద రన్‌వే సగం దాటిందో లేదో, శివకుమార్ సారు గదిలోంచి ఉరికొచ్చాడు. ఆ పిల్లలకు విమానం నేర్పేది ఆయనే. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"దీప్తి రేడియో పోయింది ఐలేశం. అర్ధగంట సంది పిలుస్తున్న, పలుకుతలేదు" అన్నాడు. అప్పుడు మందను చూశాడు.

ఐలేశం పిట్టగోడ వైపు చూశాడు, మూడో రాయి అక్కడే ఉంది. గొర్రెలను లెక్కపెట్టిన నా చేతులు ఇవాళ ఆ పిల్లను మరిచినయా అనుకున్నాడు. ఇంతలో గుట్టల మీదుగా ఇంజిను చప్పుడు రానే వచ్చింది.

రేడియో పోయిన విమానానికి కింద నుంచి దీపంతోనే చెప్పాలి. ఎర్రది చూపితే దిగొద్దని, పచ్చది చూపితే దిగమని. శివకుమార్ ఎర్ర దీపం పైకెత్తి పట్టుకున్నాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో అది ఆ పిల్లకు కనపడుతుందో లేదో. విమానం కిందికి, ఇంకా కిందికి వచ్చి, చివరి క్షణంలో మందమీదుగా లేచిపోయింది. ఎదురుగాలికి ఇంధనం అడుగంటి ఉంటుందని, ఇంకొక్క చుట్టుకు మించి తిరగలేదని సారు అరిచాడు.

ఆ మోతకు గొర్రెలు పారిపోలేదు. ఎండకు, భయానికి ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి, రన్‌వే నడుమ ముద్దకట్టి నిలబడ్డాయి. అట్లా నిలబడ్డ జీవాన్ని కొట్టినా కదలదు. బీరమ్మ కర్ర ఎత్తింది. ఐలేశం ఆ కర్ర పట్టుకున్నాడు.

"కొట్టకు. చెదిరితే దొరకవు."

మందలోకి దూరి నాలుగు రోజుల గొర్రెపిల్లను వెతికి పట్టాడు. దాన్ని భుజాన వేసుకుని, చెవి కొద్దిగా నులిమాడు. పిల్ల అరిచింది. తల్లి తలెత్తింది. ఐలేశం గేటు వైపు నడిచాడు. ఉరకమని సారు గొంతు చించుకుంటున్నాడు. ఉరికితే తల్లి బెదురుతుంది, తల్లి బెదిరితే మంద విరుగుతుంది. ఐలేశం నడిచాడు. వెనక తల్లి, తల్లి వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. అటు చివర విమానం మళ్లీ మలుపు తిరుగుతోంది. అతని కాళ్లు ఉరకమంటున్నాయి. పళ్లు బిగబట్టి ఒక్కొక్క అడుగే వేశాడు. మందలో చివరి గొర్రె మట్టిలోకి దిగగానే సారు పచ్చ దీపం చూపాడు.

విమానం దిగింది. దీప్తి కిందికి దిగి, రెక్క నీడలోనే కూలబడి ఏడ్చింది. ఐలేశం దూరం నుంచి చూశాడు. దగ్గరికి పోవడానికి ముఖం చెల్లలేదు.

సారు ఫోనులో పెద్దసార్లకు కంచె తెగిందని, గొర్రెలు చొరబడ్డాయని, కాపలావాడే కాపాడాడని చెబుతున్నాడు. ఐలేశం ఆ మాటలు అయ్యేదాకా గుమ్మంలో నిలబడ్డాడు.

"కంచె తెగలె సారు. గేటు నేనే తీసిన."

శివకుమార్ ఫోను పక్కన పెట్టాడు. ఎవరూ అడగలేదు కదా, నువ్వెందుకు చెప్తున్నవన్నాడు.

"ఎవరడగకపోతే ఏంది సారు? పాప పైన ఉన్నదన్నది మరిచిన. రేపు గా గేటు కాడ నిలబడితే నా మీద నాకే నమ్మకం ఉండది."

తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టాడు. సారు రేపు మాట్లాడదామన్నాడు. ఐలేశం తలూపి, మంద వెనకాల మోత్కూరు రోడ్డు ఎక్కాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

రేడియో బాగుచేశారు, గేటుకు కొత్తవాడు వచ్చాడు. పిట్టగోడ మీద ఆ రాయి ఎందుకుందో అక్కడ ఎవరికీ తెలియదు. డబ్బాలో రెండున్నాయి. మూడో పలుగురాయి ఎండకు మెరుస్తూ గోడ మీదే ఉంది.