కరీంనగర్‌కు కనబడని పత్తి

అది తొంభై ఎనిమిది. మా విత్తనాల కంపెనీకి కరీంనగర్‌లో పెద్ద సర్వర్, ఆసిఫాబాద్, మందమర్రి బ్రాంచీల్లో చిన్న సర్వర్లు. వాటిని బాగుచేస్తూ బస్సుల్లో తిరిగే నేను మాత్రం హోటల్ సర్వర్. పేరుకు నెట్టు, నెట్టుకొచ్చేది నేను. పేరు కూడా హనుమండ్లే కాబట్టి గోదావరి దాటని వారం లేదు.

ఏ బ్రాంచి కంప్యూటర్ల పేర్లు, చిరునామాల పట్టిక ఆ బ్రాంచి సర్వర్‌లోనే ఉంటుంది. కరీంనగర్ సర్వర్ దానికి నకలు తీసుకుంటుంది. ఈ ఏర్పాటును డీఎన్‌ఎస్ అంటారు. నా మటుకు దీనస్థితి. దసరాకు ఆసిఫాబాద్ బ్రాంచిలో 'పత్తి' అనే కొత్త కంప్యూటర్ పెట్టారు. దీపావళి వెళ్లిపోయినా కరీంనగర్‌కు ఆ పేరే తెలియదు. యజమాని విద్యాసాగర్‌రావు విసిగిపోయాడు. ఓ పొద్దున నన్ను పిలిచి, సాయంత్రంలోగా పత్తి కనబడకపోతే ఆ బ్రాంచి మూత, అక్కడి ఆపరేటర్ ప్రమోదిని కరీంనగర్ రావాలన్నాడు.

నేను ఆసిఫాబాద్‌లో బస్సు దిగేసరికి బస్సుకూ నాకూ ఒక్క నట్టూ బిగువుగా లేదు.

"మోడెం మార్చిన, వైరు మార్చిన. ఇగ నన్ను మార్చుడే ఉన్నది," అంది ప్రమోదిని. "మా ఆయన బడి ఈడ. కరీంనగర్ రమ్మంటే నౌకరి ఇడుసుడే, అన్నా."

పాత కంప్యూటర్లు కరీంనగర్‌కు పేరుతో దొరుకుతూనే ఉన్నాయి. అంటే లైను బాగుంది, నకలే కదలడం లేదు. పట్టిక తెరిచాను. దాని నెత్తిన ఒక అంకె ఉంటుంది. పట్టికలో ఏది మార్చినా ఆ అంకె పెంచాలి. తన దగ్గరున్న దానికంటే పెద్దదైతేనే కరీంనగర్ కొత్త నకలు తీసుకుంటుంది. కరీంనగర్‌లో ఉన్నది మూడువందల నలభై. ఇక్కడ నూటపదహారు.

"గీ నూటపదహారెవలు పెట్టిన్రమ్మా? కంప్యూటర్‌కు సదివింపులా?"

"నేనే పెట్టించిన," అన్నాడు మేనేజర్ సుదర్శన్‌రావు తన కుర్చీలోంచి. "ఆయుధపూజ నాడు కొత్త మిషన్‌ను పాత అంకెతోని షురూ చేస్తరా? శుభం గదా అని."

"దాన్ని జూసి పాతదే అనుకొని కరీంనగర్ ముట్టుకుంటలేదు సార్. మూడువందల నలభై ఒకటి జేస్త."

"పూజ జేసిన అంకెను తీసుడేందయ్యా? నేను తియ్యనియ్య."

"మీ పూజకు నా నౌకరి కొబ్బరికాయైతుంది సార్," అంది ప్రమోదిని మెల్లగా.

వాదించే ఓపిక నాకు బస్సులోనే అయిపోయింది.

"శుభాన్ని తియ్యం సార్, పెంచుదాం. వెయ్యినూటపదహార్లు వద్దంటరా?"

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "గది ఇంకా మంచిది. ముందే చెప్పద్దా?"

అంకె మార్చి, సర్వర్ మళ్లీ మొదలుపెట్టి, ఫోను దగ్గర కూర్చున్నాం. చాలాసేపటికి మోగింది. "పత్తి వచ్చిందయ్యా," అన్నాడు విద్యాసాగర్‌రావు. "బ్రాంచి ఉండనియ్యి."

ప్రమోదిని కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. తర్వాత లేచి నాకు చాయ్ పోసింది.

తాగి సంచీ భుజాన వేసుకున్నాను.

"మందమర్రి మేనేజర్ మా బామ్మర్దే," అన్నాడు సుదర్శన్‌రావు సంతోషంగా. "దసరానాడు ఆయనకు గూడ నూటపదహారే పెట్టుమన్న."

"ఇగ ఆడికి బస్సు ఎప్పుడున్నది సార్?" అన్నాను.