కింది గొంతు

మా వదిన నూరియె పాట ఎత్తుకుంటే అవతలి కొండమీద గొర్రెలు కూడా తలెత్తి చూస్తాయని మా వైపు చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ఆ పాట కింద, నేను ఈ ఇంటి కోడలిగా వచ్చిన నాటినుంచి గొంతు పట్టి కూర్చున్నది మాత్రం నేను. నన్ను చూసి ఏ గొర్రే తలెత్తలేదు.

మా పాట ఒక్కరితో అయ్యేది కాదు. ఒకరు ఎత్తుకుంటారు, ఇంకొకరు అందుకుని తిప్పుతారు, మిగిలినవాళ్లం కింద 'ఏ...' అంటూ ఒకే శ్రుతిని తెగకుండా పడతాం. దాన్నే ఇసో అంటాం. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు పక్కవాళ్లు మోస్తారు. పెళ్లయినా చావయినా, ఎవరైనా పాట ఎత్తారంటే అక్కడున్నవాళ్లంతా పిలవకుండానే ఇసో పట్టాలి. నోరు మూసుకుని కూర్చుంటే ఆ ఇంటివాళ్ల మొహం మీద కొట్టినట్టే.

ఎర్గిస్ అనే కుర్రాడు రాజధాని తిరానా నుంచి వచ్చి, మా పాటను రికార్డు చేస్తానన్నాడు. దేశదేశాల వింత వాద్యాలూ, మారుమూల పాటలూ ఏరుకొచ్చి కొత్త చెవులకు వినిపించడం అతని పనట. నూరియె వదిననీ, పాట తిప్పే విటోరెనీ, ఇసో పట్టడానికి నన్నూ కారులో ఎక్కించుకుని వ్లోరా పట్నంలో తన స్టూడియోకి తీసుకెళ్లాడు. అక్కడ ముగ్గురినీ మూడు అద్దాల గదుల్లో పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు.

"విడివిడిగా పాడండి పెద్దమ్మా, తర్వాత నేను కలుపుతాను" అన్నాడు.

"కలిసి కూర్చుంటే కలిసే ఉంటాం కదయ్యా, విడదీసి కలపడం దేనికి?" అన్నాను.

"నీకన్నీ అనుమానాలే! చెప్పినట్టు చెయ్యవే బెహియే" అని వదిన పక్కగదిలోంచి కసిరింది. ఆ కసురు కూడా హెడ్‌ఫోన్లోంచే వినిపించింది.

మేం భుజానికి భుజం ఆనించి కూర్చుని పాడతాం. పక్కమనిషి డొక్క కదిలితే తను ఊపిరి తీసుకోబోతోందని నాకు తెలుస్తుంది. ఆ గదిలో పక్కన గోడ తప్ప ఏమీ లేదు. వదిన గొంతు నా తలకాయ లోపల మోగుతోంది గానీ మనిషి లేదు. నోరు తెరిచాను, గొంతు ఎటో పోయింది. మళ్లీ మళ్లీ పాడించాడు. ఎంత పట్టినా నిలవలేదు.

"పర్లేదు పెద్దమ్మా, ఇసో సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు ఎర్గిస్.

పాట బయటికొచ్చిన రోజు మా ఊరి కాఫీ కొట్లో అందరూ పోగయ్యారు. ఎర్గిసే వచ్చి వినిపించాడు. వదిన గొంతు మెరిసిపోయింది. విటోరె గొంతూ బాగుంది. నేనుండాల్సిన చోట ఏదో మెషీను, కొత్త ఫ్రిజ్జులాగా, నున్నగా మోగుతోంది.

"నేనేదయ్యా?" అని అడిగాను.

"హెడ్‌ఫోన్లో వినేవాళ్లకి చిన్న చప్పుడైనా తెలిసిపోతుంది పెద్దమ్మా. మీ ఊపిరి చప్పుడు వాళ్ల పాట మీద పడుతోంది. అందుకే శుభ్రం చేశాను."

"బాధపడకే బెహియే" అంది వదిన. "ఆ మెషీను దగ్గదు, అలిసిపోదు, రాకీ సారా ఇంకో గ్లాసు పొయ్యమని అడగదు!"

కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి గిన్నెలు తోముతున్నంతసేపూ ఏడ్చాను.

ఆ తర్వాత వదిన ఏ పెళ్లికెళ్లినా వెంట ఓ స్పీకరు డబ్బా, అందులో విటోరె గొంతూ, ఆ మెషీను ఇసో. శీతాకాలంలో విటోరె చనిపోయింది, కానీ ఆ డబ్బాలో పాడుతూనే ఉంది. బతికున్న నన్ను మాత్రం వంటింట్లో ఉల్లిపాయలు తరగమన్నారు. వదిన ఒక్కసారి 'రావే, నా పక్కన కూర్చో' అంటుందని ప్రతి పెళ్లిలోనూ ఎదురుచూశాను. అనలేదు.

మొన్న మా మరిది కొడుకు పెళ్లి. భోజనాలయ్యాక వాకిట్లో వదిన పాట ఎత్తుకుంది. సగంలో కరెంటు పోయింది. డబ్బా మూగబోయింది, దాంతోపాటు విటోరె రెండోసారి పోయింది. వదిన ఆపలేదు, చుట్టూ చూసింది. చూపు నా మీద ఆగింది.

నేను పళ్లు బిగించాను. నన్ను అడగాలి, నోరు తెరిచి అడగాలి. ఈలోగా ఇంతమందిలో ఎవరో ఒకరు పట్టకపోరులే అనుకున్నాను.

ఒక్కరూ పట్టలేదు. అందరూ ఫోన్లు పైకెత్తి పట్టుకుని శ్రద్ధగా వింటున్నారు. కింద ఆసరా లేక వదిన గొంతు వణికింది. అంత పెద్ద గొంతూ ఒట్టి ముసలిదాని గొంతయిపోయింది. నాకు భయమేసింది. ఎంత కోపమున్నా నా మనిషి కదా. నోరు తెరిచి 'ఏ...' అని పట్టాను. వదిన కళ్లు మూసుకుంది. గొంతు మళ్లీ కుదురుకుంది.

నా ముందు నిలబడ్డ పెళ్లికూతురి చెల్లెలు వెనక్కి తిరిగి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ష్... పెద్దమ్మా, వీడియోలో మీ గొంతు పడుతోంది."

నేను వదిన వైపు చూశాను. ఆమె కళ్లు తెరిచి, ఆ పిల్లనీ ఆ ఫోన్లనీ చూసి, "నువ్వు కాసేపు ఊరుకోవే బెహియే" అంది.

ఊరుకున్నాను. మిగతా పాట ఆమె ఒక్కతే ముగించింది. చివరి మాట దగ్గర గొంతు చీలింది. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. పాట సాగినంతసేపూ అంతమందీ నోరు మూసుకునే ఉన్నారు. అది తమకు అవమానమని ఆ ఇంటివాళ్లకు కూడా తోచలేదు.