మూడో స్తంభం రివెట్లు

పొద్దున్నే ప్రార్థన, తర్వాత ఇడ్లీ, ఆ తర్వాత హెల్మెట్. ఇమ్మాన్యుయేల్ దినచర్య ఇంతే. శారదా నది మీది పాత ఇనుప వంతెన పనికి అతనే సూపర్‌వైజరు. గుజరాత్‌లో భూమి కంపించాక పైవాళ్లకి భయం పట్టుకుని, పాత వంతెనల్ని గట్టిచెయ్యమన్నారు. తుప్పట్టిన రివెట్లు పీకి కొత్త బోల్టులు బిగించడం, దూలాలు జారిపోకుండా స్తంభాలకి ఉక్కుతాళ్లతో కట్టడం, ఇదీ పని.

రివెట్ ఊడినప్పుడల్లా, ఎప్పుడో దాని పక్కన నిలబడి ఎవరో అన్న మాట బయటికొచ్చేది. పాత ఇనుమన్నాక తుప్పూ ఉంటుంది, మాటలూ ఉంటాయి. కండక్టర్ల తిట్లు, పెళ్లివారి అలకలు వింటూ కూలీలు పని చేసుకుపోయేవారు. వంతెన చివర చేపలమ్మే లోవమ్మకే చిక్కొచ్చిపడింది. ఆమె గొంతుతోనే ఎప్పటిదో రొయ్యల ధర బయటపడేసరికి, బేరానికొచ్చినవాళ్లంతా ఆ ధరకే ఇమ్మని పట్టుబట్టారు.

"ఆ రేటు సెప్పింది మేకు. ఎల్లి ఆ మేకునే అడగండి!" అని లోవమ్మ కత్తి ఊపింది.

అందరూ నవ్వారు, ఇమ్మాన్యుయేల్ తప్ప. మూడో స్తంభం దగ్గర అతని మాట కూడా ఒకటుంది మరి. కాలేజీ రోజుల్లో కశింకోట పుష్పకుమారిని అక్కడ నిలబెట్టి, నన్ను చేసుకుంటావా అని అడిగాడు మహానుభావుడు. అడిగి, జవాబు వినే ధైర్యం లేక కదులుతున్న బస్సెక్కి పారిపోయాడు. ఇద్దరికీ ఇంకా పెళ్లి కాలేదు. ఒకే చర్చిలో ఆ వైపొకరూ ఈ వైపొకరూ కూర్చుంటారు. "వందనాలండి" తప్ప మాట లేదు.

"ఈ మూడో స్తంభం ప్లేటు బాగానే ఉంది మేడమ్, వదిలేద్దాం" అన్నాడు ఇమ్మాన్యుయేల్, పని చూడ్డానికొచ్చిన ఇంజనీరు గౌతమితో.

ఆమె సుత్తితో కొట్టి చూస్తే పొడిపొడిగా తుప్పు రాలింది. "భూమి కదిలితే ముందు విడిపోయేది ఇదే. పైనున్న బండితో సహా దూలం నదిలోకి జారుతుంది. మీరు పూచీ పడతారా?"

పని కోసం ఒకవైపు దారి మూసేశారు. ఆగిన బళ్లలో ముందున్నది కశింకోట షేర్ ఆటో. అందులో బడిపిల్లల మధ్య ఇరుక్కుని టీచరు పుష్పకుమారి. రోజూ ఆమె దాటేది ఈ ప్లేటు మీదుగానే. పరువు పోతే పోయిందనుకున్నాడు.

"పీకు, కొర్లయ్యా."

కొర్లయ్య రివెట్ తల కోసి గుద్దాడు. "పుష్పా, నన్ను సేసుకుంటావా?" అని వణికే కుర్ర గొంతు వంతెనంతా వినిపించింది.

"ఇది నీ గొంతే గదా బావా!" అన్నాడు కొర్లయ్య. ఇమ్మాన్యుయేల్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా సుత్తి లాక్కుని రెండో రివెట్ తనే గుద్దాడు. ఈసారి వచ్చింది పుష్పకుమారి పడుచు గొంతు.

"సరే గానీ, ఆదివారం ఆరాధనయ్యాక వచ్చి మా నాన్ననడుగు. ఓయ్, ఎక్కడికి? బస్సు దిగు!"

ఆటోలోంచి పుష్పకుమారి దిగింది. "నువ్వు విని కూడా రాలేదనుకున్నాను" అంది. "మా నాన్న ఆ ఆదివారం సాయంత్రం దాకా నీ కోసం కుర్చీ వేసి ఉంచేడు."

"వినలేదు పుష్పా. భయమేసి పారిపోయేను."

"ఏటి బాబూ, ఇంకా అలా నిలబడ్డావు?" అంది లోవమ్మ.

ఆటోవాడు హారన్ కొట్టాడు. పుష్పకుమారి కళ్లు తుడుచుకుని ఎక్కి కూర్చుంది.

"కుర్చీ ఇంకా ఉంది. ఈ ఆదివారం రా" అంది. "నడిచి రా. బస్సెక్కకు."