పాట అయిపోయాక ఇరవై సెకన్లు

వాషింగ్ మెషిన్ ఆపి, ఫ్యాను ఆపి, తలుపు కింద తువ్వాలు కుక్కి ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. మధ్యాహ్నం మూడయింది. సాయంత్రం ఆరింటికి పాట జనంలోకి వెళ్ళాలని భర్త పొద్దున్నే చెప్పాడు. "పాడటం నిన్ననే అయిపోయిందిగా. నువ్వు కాస్త సౌండు పెంచి ఇస్తే చాలు."

కాస్త సౌండు పెంచడం అనే ఆ పని ఆరేళ్ళుగా ఆమె రోజులో నాలుగు గంటలు తినేస్తోంది. అతని గొంతు అడుగున గుంయ్‌మంటుంది. లావు, సన్న స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో రెండు వందల హెర్ట్జ్ దగ్గర తగ్గించాలి. గిటారు గొంతుకు అడ్డం పడకుండా చూడాలి. ఆఖర్న లిమిటర్ పెట్టాలి. లిమిటర్ అంటే పాటకు వేసే పైకప్పు. పెద్ద చప్పుళ్ళు ఆ కప్పు దాటవు గనక మొత్తం పాటను పైకి ఎత్తవచ్చు. ఎత్తితే చిన్న చప్పుళ్ళూ పైకొస్తాయి, ఊపిరి, కుర్చీ కిర్రు, అన్నీ. ఇదంతా ఒకసారి అత్తగారికి చెప్పబోతే, "బొత్తాలు తిప్పడానికి ఇంత కథా? గొంతు చించుకునేది వాడు, నడుం నొప్పి నీకా?" అన్నారు. పాట కింద అతని పేరుంటుంది. మిక్సింగ్ అన్నచోట హోమ్ స్టూడియో అని ఉంటుంది. స్టూడియో అంటే ఈ గది. గోడలకు దుప్పట్లు, మూల ఇస్త్రీ బల్ల. ఆ అత్తగారే, వచ్చినవాళ్ళందరికీ మా కోడలివి పాముచెవులని, పక్కింట్లో పంపు కారినా పసిగడుతుందని చెబుతారు.

మూడు నెలల కిందట ఒక పెద్ద స్టూడియో మాస్టరింగ్‌కు, అంటే పాటలకు ఆఖరి మెరుగు పెట్టడానికి, మనిషి కావాలని ప్రకటించింది. ఆమె మూడు పాటలు పంపింది. ఫోన్ నంబరు దగ్గర భర్తది రాసింది; పాటల పని మీద వచ్చే ఫోన్లన్నీ అతనికే వస్తాయి, అది అలవాటు. జవాబు రాలేదు. "పెద్దవాళ్ళు ఇంట్లో నేర్చుకున్నవాళ్ళని లెక్కచెయ్యరు, వదిలెయ్" అని అతను భుజం తట్టాడు. ఆ తట్టడం ఆమెకు ధైర్యంగానే అనిపించింది. తప్పెక్కడ జరిగిందోనని ఆ మూడు పాటల్నీ లెక్కలేనన్నిసార్లు విన్నది. చివరికి తనకు ఆ పని రాదని ఒప్పుకుంది.

ఇవాళ్టి పాట చివర గొంతు సన్నగా సాగి ఆగుతుంది. అతను పాడాక రికార్డింగ్ ఆపడు. ఆపితే మూడ్ పోతుందంటాడు. మిగిలినదాన్ని కత్తిరించే పని ఆమెది. లిమిటర్‌తో పాటను ఎత్తేసరికి, గొంతు ఆగిన చోట ఏదో గుసగుస తగిలింది. అనవసరపు చప్పుడును తగ్గించాలంటే ముందు దాన్ని పెంచి వినాలి. ఆమె నేర్చుకున్న పద్ధతి అది. ఈక్వలైజర్‌లో గీతను ఒకచోట నిలువుగా పైకి లాగి, అడుగు నుంచి పైకి జరుపుకుంటూ పోయింది. రెండు వేలు దాటేసరికి గుసగుసకు అక్షరాలు వచ్చాయి.

గిటారు వాయించే స్నేహితుడు అడుగుతున్నాడు. "ఆ స్టూడియోవాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారట్రా?"

"రెండుసార్లు చేశారు. ఇంక చెయ్యర్లే." ఇది భర్త గొంతు. "తనకి ఒక చెవి వినపడదని చెప్పేశా."

"ఓరి నీ... ఏ చెవి అని అడగలేదూ?"

"ఎడమది అని చెప్పా. తను అక్కడికి పోతే నా పాటలు ఎవడు చేస్తాడ్రా?"

"నీ పాటలు వినీ వినీ పోయిందని చెప్పాల్సింది."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు లిమిటర్ కప్పుకు తగిలి అక్కడే ఆగింది.

ఆమె వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. ఇంకెవరి గురించో అనుకుంది. మూడోసారి విన్నాక కుడిచెవిని అరచేత్తో మూసి, ఎడమచెవితో విన్నది. తర్వాత ఎడమది మూసి కుడిదాంతో. రెండింటికీ ఒకేలా వినపడింది. తన చెవుల్ని తాను ఎందుకు పరీక్షించుకుందో అప్పుడు అర్థమైంది. ఆరేళ్ళలో అతని మాట తన చెవికన్నా నమ్మకమైపోయింది. ఇల్లు పట్టదనో, నోరు దురుసనో చెప్పి ఉంటే ఇంత అదిరిపోయేది కాదు, అవి వినీ వినీ అలవాటే. చెవి అన్నాడు. ఈ పనిలో ఆ ఒక్క మాట చాలు, ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకు పాకి ఇక ఎవరూ పిలవకుండా చెయ్యడానికి. అది తెలిసే అన్నాడు. ఆ పని తనకు వచ్చునని కూడా తెలిసే అన్నాడు.

తలుపు తోసుకుని భర్త వచ్చాడు, చేతిలో టీ కప్పు. "అయిందా?"

ఆమె మీట నొక్కింది. ఇరవై సెకన్లూ గదిలో మోగాయి. అతను కప్పు ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. ఏదో సరదాకి అన్నాననీ, నువ్వు లేకపోతే ఇల్లు ఏమవుతుందోనని భయపడ్డాననీ చెప్పుకుపోయాడు. ఆమెకు ఆ మాటలు ఒక్కొక్కటీ స్పష్టంగానే వినపడ్డాయి. తన ఫోనులో దాచుకున్న ప్రకటన తెరిచి, అందులోని నంబరు నొక్కి, మూడు పాటలు పంపింది తనేనని చెప్పింది.

అటువైపు స్టూడియో మేనేజరు గొంతు పెంచాడు. ఒక్కో మాటా విడగొట్టి అరుస్తున్నాడు. పక్కనున్న భర్తకూ వినపడేంత గట్టిగా. "అమ్మా, నే... చెప్పేది... వినపడుతోందా?"

భర్త తల దించుకున్నాడు.

"వినపడుతోందండీ. మామూలుగానే మాట్లాడండి. నాకు రెండు చెవులూ బాగానే పనిచేస్తాయి. మీకు తప్పు చెప్పారు. కావాలంటే పరీక్ష పెట్టండి."

మేనేజరు తగ్గలేదు. ఇంకా అరుస్తూనే, రేపు పదింటికి రమ్మన్నాడు. దారి కష్టమేమో, తోడు మీ ఆయన వస్తారా అని అడిగాడు.

భర్త తలెత్తి చూశాడు. వస్తానన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"రారండీ" అంది ఆమె. "నేనొక్కదాన్నే వస్తాను."